అందరూ ఆహ్వానితులే... మరి ఆ అందరూ ఎవరు?

కార్డు మీద ఉదయం 11 గంటలకి అని ఉంది. నేను పది నిమిషాల ముందే చేరాను. సెమినార్ హాల్లో అప్పటికి ముగ్గురే ఉన్నారు. మైకు పట్టుకుని "హలో, చెక్, చెక్" అంటున్న కుర్రాడు, వేదిక మీద బల్లకి గుడ్డ పరుస్తున్న అటెండరు, మూడో వరసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన.

11:25కి ఒక మేడమ్ ఎమ్మే మొదటి సంవత్సరం పిల్లల్ని క్లాసులోంచి వరసగా తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే వెనక వరసలే ముందు నిండాయి. 11:40కి అతిథుల్ని ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలిచి, ఒక్కొక్కరి చేతిలో ఒక మొక్క పెట్టారు. జ్యోతి వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు ఖర్చయ్యాయి, ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు. స్వాగత వచనాలు, శాఖాధ్యక్షుల తొలి పలుకులు, ప్రిన్సిపాల్ గారి సందేశం, ముఖ్య అతిథి గారి 'రెండే రెండు మాటలు'. అసలు వక్త చేతికి మైకు వచ్చేసరికి 12:20. చెరువుల మీద వేయించిన శాసనాల గురించి చెప్పడానికి ఆయన రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చారు. విషయం మీద మంచి పట్టున్న మనిషి. కాకతీయుల కాలం దాటి విజయనగర రాజుల దగ్గరికి వచ్చారో లేదో, ఆయన ముందుకి ఒక చీటీ వచ్చింది. 1:05కి ముగించారు. మూడో వరసలో పెద్దాయన చెయ్యెత్తారు. "సమయాభావం వల్ల ప్రశ్నలకి అవకాశం ఇవ్వలేకపోతున్నాం" అని మైకులో వినిపించింది. వందన సమర్పణకి మాత్రం పదకొండు నిమిషాలు పట్టింది.

బయట టీ దగ్గర ఆ పెద్దాయన్ని పలకరించాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారట. పేపరు జిల్లా ఎడిషన్లో 'నగరంలో నేడు' అని చిన్న శీర్షిక వస్తుంది కదా, అందులో చూసి రెండు బస్సులు మారి వచ్చారట. "అందరూ ఆహ్వానితులే అని వేశారండీ. నిజంగానే రానిస్తారో లేదో అని గేటు దగ్గర కొంచెం టెన్షన్ పడ్డా" అన్నారు.

ఆ ఒక్క వాక్యం నిజంగా ఎవర్ని పిలుస్తోంది? ఈ సభలకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రవచనం ఉందంటే నేల ఈనినట్టు జనం వచ్చే ఊళ్లో, యూనివర్సిటీ ఉపన్యాసానికి పిల్లల్ని క్లాసులోంచి తోలుకు రావాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దీని వెనకున్న చిక్కుముడిలో డబ్బు, ప్రమోషన్లు, భాష, అనుమతులు అన్నీ కలిసి ఉన్నాయి. ఒక్కో పోగూ లాగి చూద్దాం.

ముందు పేర్ల సంగతి. బయటివాళ్లకి అన్నీ 'మీటింగులే'గానీ లోపల తేడాలున్నాయి. స్నాతకోపన్యాసం పట్టాలిచ్చే రోజున చేసే ప్రసంగం. దానికి పాసు కావాలి, అందరికీ కాదు. సెమినార్ లేదా సదస్సు పత్రాలు చదివేవాళ్ల కోసం, దానికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటుంది. వర్క్‌షాపుకి పేర్లు ముందే ఇవ్వాలి. బ్రిటన్‌లో ఇంకోటి ఉంది: కొత్తగా ప్రొఫెసర్ అయినవాళ్లు తమ పరిశోధన ఏమిటో ఊరివాళ్ల ముందు చెప్పే తొలి ఉపన్యాసం. మన దగ్గర ఆ అలవాటు పెద్దగా లేదు, ఉంటే బాగుండేది. ఇక మిగిలినవి ధర్మనిధి ఉపన్యాసం, స్మారకోపన్యాసం, విస్తరణోపన్యాసం. 'అందరూ ఆహ్వానితులే' అన్న మాట న్యాయంగా వర్తించేది ఈ మూడింటికే. మూడోదానికి ఒక విధానం కూడా ఉంది. విశ్వవిద్యాలయానికి బోధన, పరిశోధనలతో పాటు ఊరికి చదువును చేరవేయడం మూడో బాధ్యత అని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 1977లోనే ఒప్పుకుంది. ఆచరణలో ఆ మూడోది ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చుంది.

డిపాజిట్ అలాగే ఉంది, ఉపన్యాసమే చిక్కిపోయింది

ధర్మనిధి అంటే ఎవరో దాత తన తండ్రి పేరు మీదో, గురువు పేరు మీదో యూనివర్సిటీకి కొంత డబ్బు ఇస్తారు. అసలు ముట్టుకోకూడదు. దాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీతో ఒక ఉపన్యాసం పెట్టించాలి. వక్త రానుపోను ఖర్చులు, పారితోషికం, కార్డులు, టీ, శాలువా అన్నీ ఆ వడ్డీలోంచే. ఏర్పాటు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాత పోయినా పేరుంటుంది, ఏటా ఒక కొత్త వక్త వస్తాడు, ఎవరూ మళ్లీ చెయ్యి చాచక్కర్లేదు.

కానీ లెక్క వేసి చూడండి. 1985లో ఒకాయన 25,000 రూపాయలు ఇచ్చాడనుకుందాం. పది శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 2,500. ఆ రోజుల్లో ఒక పండితుణ్ణి రైల్లో రప్పించి, రెండు రోజులు ఉంచుకుని, నాలుగు వందల కార్డులు అచ్చు వేయించి, మర్యాదగా సాగనంపడానికి అది చాలు. ఇంకా మిగిలేది కూడా. ఇప్పుడు అదే 25,000 మీద ఆరున్నర శాతం చొప్పున వచ్చేది 1,625. ఆ డబ్బుతో విమానాశ్రయం నుంచి కారు మాట్లాడితే శాలువాకి మిగలదు. అసలు చెక్కు చెదరకుండా ఉంది, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాదు. అయినా దాత ఇచ్చింది కరిగిపోయింది. రూపాయి అంకెని కాపాడాం గానీ రూపాయిని కాపాడలేకపోయాం.

అందుకే చాలా ధర్మనిధి ఉపన్యాసాలు పేరుకి వార్షికం, నిజానికి మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి. వడ్డీ పోగుపడే దాకా ఆగుతారు. లేదా నాలుగు నిధుల పేర్లు ఒకే బ్యానరు మీద వేసి, ఒకే పూట నలుగురు వక్తలతో తలో ఇరవై నిమిషాలు చెప్పించి కానిచ్చేస్తారు. లేదా వక్తని దూరం నుంచి పిలవరు, పక్క డిపార్ట్‌మెంటు వాళ్లనే పిలుస్తారు. ఆయన చెప్పేది పిల్లలు క్లాసులో ఎలాగూ వింటున్నదే. ఊళ్లోవాళ్లకి ఇవేమీ తెలియవు. 'యూనివర్సిటీవాళ్లకి బద్ధకం' అనుకుంటారు. అదీ కొంత ఉందనుకోండి.

పెద్దాయన అడగలేకపోయిన ప్రశ్న కూడా ఇదే దారిలోది. టీ కప్పు పట్టుకుని నాకు చెప్పారు. శాసనాల్లో 'దశబంధం' అన్న మాట వస్తుంది. చెరువు తవ్వించినవాడికో, బాగుచేయించేవాడికో ఆ చెరువు కింది భూమిలో గానీ పంటలో గానీ వాటా రాసిచ్చే పద్ధతి. ఆ ఇనాములు రాయలసీమలో ఇంగ్లీషువాళ్ల కాలం దాకా ఉన్నాయి. "అది పంటలో వాటా కదండీ, డబ్బు కాదు కదా. ధర పెరిగితే వాటా విలువా పెరుగుతుంది. చెరువు పాడైతే వాటా కూడా పోతుంది కాబట్టి బాగుచేసుకుంటారు. అందుకేనా అన్ని వందల ఏళ్లు నడిచింది? అది అడుగుదామనుకున్నా." వేదిక మీద ఉన్నవాళ్లు ఎవరైనా ఆ ప్రశ్న విని ఉంటే, చెరువుల సంగతి పక్కన పెట్టి ముందు తమ ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి ఆలోచించేవాళ్లు.

ఎందుకంటే లోకంలో ఎక్కువ కాలం బతికిన ఉపన్యాస నిధుల్లో కొన్ని ధరలతో పాటు పెరిగే ఇలాంటి ఆదాయం మీద మొదలైనవే. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ అని ఉంది. డిగ్రీలు ఇవ్వదు, విద్యార్థుల్ని చేర్చుకోదు. 1597 నుంచీ ఊరివాళ్లకి ఉచితంగా ఉపన్యాసాలు చెప్పించడమే దాని పని. థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు తాను కట్టించిన రాయల్ ఎక్స్‌ఛేంజి భవనంలోని దుకాణాల అద్దెల్ని దానికి రాసి పోయాడు. ఏడు విషయాలు, ఏడుగురు ప్రొఫెసర్లు. వాళ్లు లాటిన్‌లో మాత్రమే కాదు, మామూలు జనానికి అర్థమయ్యే ఇంగ్లీషులో కూడా చెప్పాలి. అయితే గ్రెషమ్ కూడా ఒక చోట కాలు జారాడు. ఒక్కొక్కరి జీతం ఏడాదికి 50 పౌండ్లని అంకె రాసిపెట్టాడు. రాసిన రోజున అది ఘనమైన జీతం. నూరేళ్లు, రెండు నూరేళ్లు గడిచేసరికి అది ఎంత చిన్నదైపోయి ఉంటుందో మన 1,625 రూపాయలే చెప్తాయి.

మన దేశంలో ఇలాంటి పెద్ద ఏర్పాటు ఠాగూర్ న్యాయశాస్త్రోపన్యాసాలు. రవీంద్రుడి పేరు మీద కాదు, ఆ వంశానికే చెందిన లాయరు ప్రసన్న కుమార్ ఠాగూర్ 1868లో చనిపోతూ కలకత్తా విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన ఆస్తితో నడిచినవి. ఆ ఉపన్యాసాలు చెప్పి ఊరుకుంటే చాలదు, అచ్చు కూడా వేయించాలన్నది ఆ ఏర్పాటులోనే ఉంది. అదే దాని ప్రాణం. రాస్‌బిహారీ ఘోష్ తనఖా చట్టం మీద చెప్పిన ఉపన్యాసాలు పుస్తకమై తరాల తరబడి లాయర్ల బల్లల మీద ఉన్నాయి. తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన బి.కె. ముఖర్జియా హిందూ ధార్మిక నిధుల చట్టం గురించి చెప్పినవి ఈ రోజుకీ గుడి ఆస్తుల తగాదాల్లో జడ్జీలు ఉటంకిస్తూనే ఉన్నారు. ఆ పుస్తకం అట్ట మీద '1936 సంవత్సరపు ఉపన్యాసాలు' అని ఉంటుంది. అచ్చయింది మాత్రం 1952లో. ధర్మనిధుల చట్టం మీద చెప్పాల్సిన ధర్మనిధి ఉపన్యాసమే పదహారేళ్లు ఆలస్యం. మన డిపార్ట్‌మెంట్లు దీన్ని చూసి కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు.

మరి మందేమీ లేదా? ఉంది, కష్టమైనదేమీ కాదు. వచ్చిన వడ్డీలో సగమే ఖర్చుపెట్టి, మిగతా సగం అసలులో కలపాలని ఒప్పంద పత్రంలోనే రాసుకోవాలి. ఎనిమిది శాతం వడ్డీ వస్తుంటే అందులో నాలుగు అసలులో చేరుతుంది. పద్దెనిమిదేళ్లకి అసలు రెట్టింపవుతుంది. ధరల పరుగుని పూర్తిగా అందుకోలేకపోవచ్చు, కానీ ఉన్నచోటే కూలబడదు. కొత్తగా నిధి ఇవ్వాలనుకునే పిల్లలూ మనవలూ అమెరికా నుంచి అడుగుతుంటారు, నాన్నగారి పేరు మీద ఎంతిస్తే సరిపోతుందని. ఎంత అన్నది తర్వాత, ముందు ఈ ఒక్క షరతూ రాయించండి అని చెప్తాను. తర్వాత దాన్ని మార్చడం మహా కష్టం. దాత బతికి లేకపోతే ఫైలు ఒక గది నుంచి ఇంకో గదికి నడిచేసరికే ఒక వైస్ ఛాన్సలర్ పదవీకాలం అయిపోతుంది.

చప్పట్లకి పాయింట్లు లేవు

డబ్బు లేకపోయినా కార్యక్రమాలకేం తక్కువ లేదు. గోడ మీద ఫ్లెక్సీ ఊడేలోపు ఇంకోటి పడుతుంది. దీనికి కారణం వేరు.

అధ్యాపకుల నియామకాలకీ ప్రమోషన్లకీ పనికొచ్చే పాయింట్ల పట్టిక ఒకటి యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. ఆహ్వానం మీద వెళ్లి ఉపన్యాసం ఇచ్చినా, సదస్సులో పత్రం చదివినా అందులో లెక్క ఉంది. విదేశంలో జరిగిన అంతర్జాతీయ సదస్సుకి 7, మన దేశంలోనే జరిగిన అంతర్జాతీయ సదస్సుకి 5, జాతీయ స్థాయికి 3, రాష్ట్ర లేదా యూనివర్సిటీ స్థాయికి 2. ఇది తెలిశాక ఫ్లెక్సీలన్నిటి మీదా 'జాతీయ', 'అంతర్జాతీయ' అని ఎందుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. డాలస్ నుంచి ఒకాయన జూమ్‌లో పది నిమిషాలు మాట్లాడితే చాలు, కడపలో జరిగిందైనా అంతర్జాతీయమే.

ఇంకోవైపు న్యాక్ ఉంది, విద్యాసంస్థల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ. ఏ ఏడాది ఎన్ని కార్యక్రమాలు చేశారు, ఎవరెవరు హాజరయ్యారు, ఫొటోలేవి, నివేదికలేవి అని అడుగుతుంది. అడగడం తప్పు కాదు. ఏమీ చేయని చోట ఏదో ఒకటి చేయించిన మాట కూడా నిజమే. కానీ కాగితం దేన్ని అడిగితే మనిషి దాన్నే చేస్తాడు. హాజరు పట్టీలో సంతకాలు కావాలి కాబట్టి సొంత విద్యార్థుల్ని కూర్చోబెడితే పని సులువు. ఫొటో మీద తేదీ, స్థలం పడాలి కాబట్టి జ్యోతి దగ్గర, శాలువా దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. రెండు బస్సులు మారి వచ్చిన పెద్దాయన ఈ పట్టికలో ఏ గడిలోనూ పట్టడు. ఆయన అడిగే ప్రశ్నకి ఏ గడిలోనూ పాయింటు లేదు. ఆ మాటకొస్తే చప్పట్లకీ లేదు.

పిల్లల్ని నేను తప్పుపట్టను. ఏం వినబోతున్నామో తెలియదు, బయటికి వెళ్లేందుకు లేదు, భోజనాల టైము దాటిపోతోంది. ఆ పరిస్థితిలో ఎవరైనా ఫోనే చూస్తారు. హాజరు తీసేసి ఒక్కసారి పెట్టి చూడాలి. ఇరవై మంది వస్తారు. ఆ ఇరవై మందీ వింటారు.

జనం తక్కువగా ఉండటం అవమానమేమీ కాదు. న్యూటన్ కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు ఉపన్యాసాలకి వచ్చేవాళ్లే అరుదట, వచ్చినవాళ్లలో అర్థమయ్యేవాళ్లు ఇంకా అరుదట. ఒక్కోసారి వినేవాళ్లు లేక గోడలకే చెప్పేవాడని ఆయన దగ్గర పనిచేసిన సహాయకుడు తర్వాత రాశాడు. 1660 నవంబర్ 28న గ్రెషమ్ కాలేజీలో క్రిస్టఫర్ రెన్ అనే ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ ఉపన్యాసం చెప్పాడు. అది అయ్యాక పన్నెండు మంది ఇళ్లకి వెళ్లకుండా కూర్చుని మాట్లాడుకున్నారు, ప్రయోగాలు చేసి చూసుకోవడానికి మనం ఒక సంఘం పెట్టుకుందామని. అదే రాయల్ సొసైటీ అయింది. ఆ రోజు రెన్ ఏం చెప్పాడో ఇప్పుడు ఎవరూ తలచుకోరు. అయ్యాక ఏం మాట్లాడుకున్నారన్నదే మిగిలింది. మనవాళ్లు సరిగ్గా ఆ భాగాన్నే సమయాభావం పేరుతో కోసేస్తారు.

వాల్తేరు, సుల్తాన్ బజారు

మనకీ మంచి రోజులు ఉండేవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఇప్పటి ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో బెజవాడలో మొదలై, 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు చేరింది. మరుసటి ఏడాది సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. ఆయన అప్పటికే ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చి పేరు పొందిన మనిషి. 'హిందూ జీవన దృష్టి' గురించి 1926లో ఆయన చెప్పినవి అక్కడి మాంచెస్టర్ కాలేజీలో ఒక నిధి కింద ఏర్పాటైన ఉపన్యాసాలే. ఇలాంటి నిధి ఏం చేయగలదో వినేవైపు నుంచి కాదు, చెప్పేవైపు నుంచి ఆయనకి తెలుసు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలు చెప్పారు. ఆ ఉపన్యాసాలు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరిట ఉన్న నిధి కిందివి. నెల్లూరు జిల్లా నుంచి మద్రాసు వెళ్లి పెద్ద లాయరై, తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్న అల్లాడి ఆయనే. విశ్వవిద్యాలయం ఆ ఉపన్యాసాల్ని పుస్తకంగా వేసింది కాబట్టి ఈ రోజుకీ చదువుకోగలుగుతున్నాం.

అప్పటికి ఆ యూనివర్సిటీ వయసు ఏడేళ్లు.  అయినా వక్తని ఎంచుకోవడంలో రాజీపడలేదు.

అయితే ఠాగూర్ అక్కడ మాట్లాడింది ఇంగ్లీషులో. వచ్చినవాళ్లలో ఊరి రైతులు ఎందరుండి ఉంటారో ఊహించుకోవచ్చు. తెలుగులో జనం కోసం ఉపన్యాసం అనేది మన దగ్గర యూనివర్సిటీలో కన్నా గ్రంథాలయాల్లో ఎక్కువగా పెరిగింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనానికి పునాది పడింది. అదే 1918లో మొదలైన ఉస్మానియాలో చదువు ఉర్దూలో సాగేది. ఆ రోజుల్లో హైదరాబాదు తెలుగువాళ్లకి తమ భాషలో సభ కావాలంటే సుల్తాన్ బజారులో భాషా నిలయం పెద్ద దిక్కు. ఆ సభలకి వచ్చినవాళ్లలో గుమాస్తాలు, బడిపంతుళ్లు, కొట్టు కట్టేసి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. సభ సాయంత్రం పెట్టేవాళ్లు, ఎందుకంటే వినేవాళ్లకి పగలు పని ఉండేది.

సభ టైము చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ 'అందరూ' ఎవరో తేల్చేది చాలావరకు అదే. పని రోజున ఉదయం 11 గంటలకి పెట్టిన ఉపన్యాసానికి ఉద్యోగస్తులు రాలేరు, బడిపిల్లలు రాలేరు, కూలికి వెళ్లేవాళ్లు రాలేరు. మిగిలేది రిటైరైనవాళ్లు, క్లాసులోంచి వచ్చినవాళ్లు. సాయంత్రం ఆరింటికి పెడితే అటెండర్లకి ఓవర్‌టైము ఎవరివ్వాలి, ఆడపిల్లలు హాస్టలుకి ఎప్పుడు చేరాలి, వాచ్‌మన్ తాళం ఎన్నింటికి వేయాలి అన్న ప్రశ్నలు వస్తాయి. జవాబు లేని ప్రశ్నలేం కాదు. అడిగే నాథుడు లేడు.

ఇక భాష సంగతి. చరిత్ర, సాహిత్యం, చట్టం, ఆరోగ్యం, వ్యవసాయం మీద తెలుగులో చెప్పగలిగినవాళ్లు ప్రతి క్యాంపస్‌లోనూ ఉన్నారు. అడిగితే "సాంకేతిక పదాలకి తెలుగు లేదండీ" అంటారు. కరెంటు, ట్రాన్స్‌ఫార్మర్, బైపాస్ అన్న మాటలకి తెలుగు లేకపోయినా ఊళ్లో వాటి గురించి తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం కదా. ఆ తెలుగే చాలు.

తాళంచెవి ఎవరి దగ్గర?

హాలు ఖాళీగా ఉన్నంత మాత్రాన సభ జరగదు. డిపార్ట్‌మెంటు పెట్టేదైతే శాఖాధ్యక్షుడి సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, పెద్ద ఆడిటోరియం కావాలంటే రిజిస్ట్రార్ దాకా. విద్యార్థి సంఘం పెట్టేదైతే అంశం ఏంటి, వక్త ఎవరు అన్నది ముందు చూస్తారు. గొడవ అవుతుందన్న అనుమానం వస్తే ఎవరూ 'వద్దు' అని రాతపూర్వకంగా చెప్పరు. "హాల్లో మరమ్మతులు జరుగుతున్నాయి" అంటారు. మరమ్మతులు సభ తేదీ దాటగానే అయిపోతాయి.

ఇది ఒక్క క్యాంపస్ స్థాయిలోనే ఉండే వ్యవహారం కాదు. కరోనా రోజుల్లో ఉపన్యాసాలన్నీ ఆన్‌లైన్‌కి మారాయి. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులు పెట్టాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని, దేశ భద్రతకీ అంతర్గత వ్యవహారాలకీ సంబంధించిన అంశాలు ఉండకూడదని. శాస్త్రవేత్తల అకాడమీలు అభ్యంతరం చెప్పాయి. 'అంతర్గత వ్యవహారం' అంటే ఏంటో ఎవరు చెప్తారు, వరదల మీద మాట్లాడితే అవుతుందా కాదా అని. రెండు నెలలు తిరక్కముందే ఆ ఉత్తర్వుని వెనక్కి తీసుకున్నారు. పోయిందనుకున్న భయం మాత్రం ఫైళ్లలో ఉండిపోతుంది. వక్త పేరు చూడగానే ఎవరికైనా ఒక క్షణం చెయ్యి ఆగిందంటే, ఉత్తర్వు చేయాల్సిన పని ఉత్తర్వు లేకుండానే అయిపోయినట్టే.

రికార్డింగ్ గురించి కూడా ఒక మాట. హాలుకి రాలేనివాళ్లకి వీడియో పెద్ద వరం, ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. అయితే చట్టం ప్రకారం బహిరంగంగా చేసిన ప్రసంగం మీద తొలి హక్కు మాట్లాడినవాళ్లదే. 1957 కాపీరైట్ చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. సభ ఏర్పాటు చేసినవాళ్లది కాదు, కెమెరా పట్టుకున్నవాళ్లది అంతకన్నా కాదు. కాబట్టి యూట్యూబులో పెట్టే ముందు వక్తని ఒక మాట అడగాలి. నూటికి తొంభై మంది సంతోషంగా ఒప్పుకుంటారు. అడగడం మర్చిపోవడమే జరుగుతుంటుంది. అచ్చు వేయడానికీ ఇంతే. ఆహ్వానం పంపినప్పుడే "రాతప్రతి ఒకటి ఇవ్వండి, వీడియో పెట్టడానికి ఒప్పుకోండి" అని రెండు వాక్యాలు కలిపితే సరిపోతుంది.

క్యాంపస్‌కి కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లకి చెప్పేది కొంచెమే. గేటు దగ్గర ఆపితే డిపార్ట్‌మెంటు పేరు, సభ పేరు చెప్పండి. కార్డు ఫొటో ఫోన్లో ఉంటే ఇంకా మంచిది. మొదటి రెండు వరసలు అతిథులకి ఉంచుతారు, మూడో వరసలో కూర్చోండి. కార్డు మీద టైముకి అరగంట కలుపుకోండి. ప్రశ్న అడగాలనుకుంటే సభకి ముందే అధ్యక్షుడికో, కుదిరితే వక్తకో చెప్పి పెట్టుకోండి. చీటీ వేదిక మీదికి రెండు వైపుల నుంచీ వెళ్లొచ్చు.

ఆ రోజు పెద్దాయన వక్తని కలవాలని ఆగారు. కానీ అప్పటికే వక్తని భోజనానికి గెస్ట్‌హౌస్‌కి తీసుకెళ్లిపోయారు. ఉపన్యాసాన్ని ఎవరూ పూర్తిగా రికార్డు చేయలేదు. శాలువా కప్పిన వీడియోలు మాత్రం మూడు ఫోన్లలో ఉన్నాయి. నేను కూడా ఏమీ రాసుకోలేదు, ఇప్పుడు గుర్తు చేసుకుందామంటే సగం గుర్తు రావడం లేదు. పెద్దాయన చేతిసంచిలోంచి బడిపిల్లల లాంగ్ నోట్‌బుక్ తీసి చూపించారు. శాసనం దొరికిన ఊరు, చెరువు పేరు, వేయించినవాళ్ల పేరు, వాటా ఎంత అని నాలుగు పేజీల్లో వరసగా నీలం ఇంకుతో రాసి ఉంది. చివర దశబంధం ప్రశ్న రాసుకుని, కింద జవాబు కోసం అయిదారు గీతలు ఖాళీగా వదిలిపెట్టారు.